చేతిలో ఉన్నది సూది కాదు, మెత్తని గొట్టం

"సిస్టరమ్మా, చేతిలో సూది ఉంది కదా, కదిపితే గుచ్చుకుంటుందేమో!" అని సెలైన్ పెట్టించుకున్నవారు మమ్మల్ని తరచు అడుగుతుంటారు. ఆ భయంతో గంటల తరబడి చేయి బిగబట్టుకుని ఉంటారు. కొందరు అన్నం కూడా ముట్టరు. నిజానికి రక్తనాళంలోకి దారి చేసిన స్టీలు సూదిని మేము వెంటనే తీసేస్తాం. లోపల మిగిలేది సన్నని ప్లాస్టిక్ గొట్టమే. దీన్ని కాన్యులా అంటారు.

సూదికి స్టీలు, గొట్టానికి ప్లాస్టిక్ ఎందుకు? గట్టితనం, బిరుసుతనం అనే రెండు గుణాలు తెలిస్తే ఇది అర్థమవుతుంది. గీత గానీ నొక్కు గానీ పడకుండా తట్టుకోవడం గట్టితనం. వంచబోతే వంగకపోవడం బిరుసుతనం. రెండూ ఒకటి కావు. గాజుపెంకు మామూలు ఇనుప మేకు మీద గీత పెడుతుంది, కాబట్టి గాజే గట్టిది. కానీ బిరుసుతనంలో ఆ మేకే గాజుకు సుమారు మూడు రెట్లు. లెక్కల్లో చెప్పాలంటే స్టీలు బిరుసుతనం సుమారు 200 గిగాపాస్కల్స్, గాజుది 70, కాన్యులాకు వాడే టెఫ్లాన్‌ది అర మాత్రమే.

సూది గట్టిది కనుక మొన చెదరదు, బిరుసైనది కనుక చర్మంలో దిగేటప్పుడు వంగదు. గొట్టం మాత్రం చేయి కదిలినప్పుడు కొంత వంగాలి. పాలీయురిథేన్ కాన్యులాలైతే ఒంటి వేడికి ఇంకా మెత్తబడతాయి.

గట్టిదీ మెత్తదీ కలిసినచోట ప్రమాదం కూడా ఉంది. బయటకు లాగిన సూదిని మళ్లీ గొట్టంలోకి దూర్చితే పదునైన మొన ప్లాస్టిక్‌ను కోసేయవచ్చు. తెగిన ముక్క రక్తంలో కొట్టుకుపోవచ్చు. అందుకే మొదటిసారి కుదరకపోతే మొత్తం తీసేసి కొత్తది పెడతాం. అది వృథా ఖర్చు అనుకోకండి.

ముక్కులోంచి పొట్టలోకి వేసే పి.వి.సి. గొట్టం సంగతి వేరు. దాన్ని మెత్తగా ఉంచే పదార్థం పొట్టలో క్రమంగా ఊరిపోయి, గొట్టం బిరుసెక్కి లోపల ఒరుసుకోవచ్చు. కనుక గడువుకు మార్చాలి. ఎక్కువకాలం అవసరమైతే పాలీయురిథేన్ లేదా సిలికాన్ గొట్టం వాడతారు.

కాన్యులా ఉన్నా వేళ్లు కదపండి, భోజనం చేయండి. మణికట్టు, మోచేయి దగ్గర పెట్టినప్పుడు మాత్రం బాగా వంచకండి, గొట్టం మడతపడి మందు ఆగుతుంది. నొప్పి, వాపు, ఎరుపు, తడి కనిపిస్తే ప్లాస్టర్ మీరు పీకకుండా వెంటనే మమ్మల్ని పిలవండి.