వ్యాస నిర్మాణ క్రమము: ‘పల్లి – హళ్ళి’ దృష్టాంతము

వ్యాసమను మాటకు విస్తరించుట యని యర్థము. సమాసము కుదించును; వ్యాసము విప్పి చూపును. తెలుగున నీ ప్రక్రియ పందొమ్మిదవ శతాబ్దమున నేర్పడినది. సామినేని ముద్దునరసింహము నాయుడుగారు ‘హితసూచని’ (1862)లో నిట్టి రచనలను ప్రమేయములనిరి. వీరేశలింగము పంతులుగారు ఉపన్యాసములనిరి. పేరేదైనను, ఒక్క విషయమును క్రమముగ విప్పుటయే దాని ధర్మము.

కర్ణాటకమున చిక్కబళ్ళాపురము జిల్లా, బాగేపల్లి తాలూకాలోని మిట్టేమరి ప్రాంతమున ఇంట తెలుగు పలుకుచు బడిలో కన్నడము చదువు పిల్లలు పెక్కురు. భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము చెప్పుచున్నది. సౌకర్యము అక్షరము నీయగలదు. ఆలోచనకు క్రమము నేర్పవలసినవాడు ఉపాధ్యాయుడే. రెండు భాషల నడుమ పెరిగిన బాలుడు తనకేదియు పూర్తిగ రాదని జంకి, వ్యాసమనగానే గైడులోనిది వల్లించును. కావున వానికి స్వయముగ సాక్ష్యము తెలిసిన విషయమునే ఈయవలెను.

మొదటిది ప్రశ్న. ‘భాష గొప్పతనము’ విషయమే గాని ప్రశ్న కాదు. ‘ఈ జిల్లాలో నొక యూరు బాగేపల్లి, వేరొకటి ముద్దేనహళ్ళి యేల యయ్యెను?’ అనునది ప్రశ్న. ప్రారంభ ఖండికలో దీనిని నిలిపి, సమాధానము నొక్క వాక్యమున చెప్పవలెను: పూర్వము రెండు భాషలలోను నున్న పదాది పకారము తెలుగున నిలిచెను, కన్నడమున హకారమయ్యెను. నైయాయికులు దీనినే ప్రతిజ్ఞ యందురు. వేదకాలమునుండి మొదలిడనక్కరలేదు.

రెండవది సాక్ష్యము. పాలు – హాలు, పులి – హులి, పంది – హంది, పాము – హావు, పండు – హణ్ణు. ఇవి మిట్టేమరి బాలుడు దినదినము వినునవే. ఒక్క జంట యాదృచ్ఛికము కావచ్చును. ఇన్ని జంటలు కావు. పకారమే ప్రాచీనమనుటకు వేరొక ఖండిక వలయును: తమిళమునను పాల్, పులి యని పకారమే, ప్రాచీన కన్నడమునను పకారమే యుండి, తరువాత హకారమయ్యెను. ఒక్కొక్క ఖండికకు ఒక్కొక్క పని. దాని మొదటి వాక్యము ఆ పనిని తెలుపవలెను; తక్కినవి దానిని నెరవేర్పవలెను.

మూడవది ఆక్షేపము. విద్యార్థులు దీనిని తరచు విడుతురు. పకారము మారినచో కన్నడమున పుస్తక, పత్ర యను మాటలు మారవేల? అవి సంస్కృతమునుండి వచ్చినవి; మార్పు ముఖ్యముగ దేశ్య పదములకు సంబంధించినది. ఎదుటివాడడుగు ప్రశ్నను తానే యడిగి బదులు చెప్పినప్పుడే వ్యాసమునకు బలము.

కడపటిది నిగమనము. సాక్ష్యము చూపినంతమేరకే అది పోవలెను. కన్నడము తెలుగునుండి పుట్టెననుట తప్పు. రెండును ద్రావిడ కుటుంబములోని తోబుట్టువులు. ‘పల్లి’ యున్న యూరెల్ల తెలుగువారే కట్టిరనియు ఈ సాక్ష్యముతో చెప్పరాదు. సరిహద్దు సీమలో ఈ హద్దు మీరినచో వ్యాసము వివాదమగును. ‘కాబట్టి మనమందరము’ అని మొదలగు నినాదమును నిగమనము కాదు. ప్రశ్నకు దొరికిన సమాధానమును, దాని పరిమితిని చెప్పి ముగించుట చాలును.

వ్రాయుటకు ముందు ఈ నాలుగంగములను నాలుగు వాక్యములుగ కాగితముపై నుంచుకొనవలెను. ఆ వాక్యములు వరుసగ చదివినప్పుడు అర్థము తెగకున్నచో వ్యాసము సగము పూర్తియైనట్లే. ఈ క్రమమును తెలుగున నేర్చినవాడు కన్నడ పరీక్షాపత్రమునను దానినే వాడుకొనును. క్రమము భాషకు కాక ఆలోచనకు చెందినది గదా. ఇంటి మాట తన చదువునకు అడ్డమని తలచిన బాలునికి, ఆ మాటయే తన వ్యాసమునకు సాక్ష్యమైనదని అప్పుడు తెలియును.