బాంబరు వైమానికుల జ్ఞాపకములు: సేకరణ, పరీక్ష, భద్రత

రెండవ ప్రపంచ యుద్ధములో రాత్రివేళ జర్మనీపై బాంబులు వేయబోయిన బ్రిటిషు వైమానికులు ఒక వింత గుండును గూర్చి చెప్పుకొనేవారు. చీకటి ఆకాశములో హఠాత్తుగా పెద్ద మంట, నల్లని పొగ, దానినుండి రాలు మండు తునకలు కనబడును. అచ్చముగా ఒక బాంబరు విమానము పేలిపోయినట్లే ఉండును. కాని అది విమానము కాదనియు, తమను బెదరించుటకు జర్మనులు పేల్చు ఉత్తుత్తి గుండు అనియు వారి నమ్మకము. చేలలో పిట్టలను బెదరించు దిష్టిబొమ్మ పేరే దానికి పెట్టి 'స్కేర్‌క్రో' అనేవారు. యుద్ధానంతరము వెదకి చూడగా జర్మనులవద్ద అట్టి గుండు ఉన్నట్లు ఆధారమేదియు దొరకలేదు. వారు చూచినవి నిజముగా పేలిపోవుచున్న తోటి విమానములే.

అవి ఏల పేలుచున్నవో వారికి కనబడలేదు. 1943 నుండి జర్మనులు తమ రాత్రి పోరాట విమానముల వీపుపై ఫిరంగులను ఏటవాలుగా పైకి చూచునట్లు అమర్చినారు. ఆ విమానము చీకటిలో బాంబరు క్రిందికి చేరి, రెక్కలలోని పెట్రోలు తొట్లను గురిచూచి కాల్చును. లాంకాస్టర్ బాంబరులలో ఎక్కువవాటికి క్రిందివైపు కాల్చు తుపాకి లేదు. మామూలుగా గుండ్లు పోవు దారి వెలుగుగీతవలె కనబడును. ఈ ఫిరంగులలో అట్టి వెలుగు గుండ్లను సాధారణముగా వాడలేదు. కనుక ప్రక్క విమానములోని వారికి శత్రువు కనబడడు, కాల్పు కనబడదు, మంట మాత్రము కనబడును.

ఇప్పుడొక ప్రశ్న. అరువది యేండ్ల తరువాత ఒక వృద్ధ వైమానికుడు మైకు ముందు కూర్చుండి 'ఆ రాత్రి మూడు స్కేర్‌క్రోలు చూచినాను' అన్నాడనుకొందము. ఆ మాటను నమ్మవలెనా, కొట్టివేయవలెనా? దానిని రెండుగా విడదీయవలెను. ఆయన చూచిన మంట ఒకటి, దానికి పెట్టిన పేరు ఒకటి. మంటలను ఆ రాత్రి కూలిన విమానముల పట్టికతో పోల్చి చూడవచ్చును. పేరు మాత్రము ఆనాటి యువకులు ఏ ఊరటను ఆశ్రయించి ముందుకు సాగినారో తెలుపును. మనుష్యుల నోటినుండి గతమును సేకరించి పరీక్షించు ఈ పనికి మౌఖిక చరిత్ర అని పేరు. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున 1948లో అలన్ నెవిన్స్ దీనికొక కార్యాలయము నెలకొల్పినాడు.

బ్రిటిషు వాయుసేనలోని బాంబర్ కమాండ్ విమానములలో సుమారు 1,25,000 మంది ఎగిరినారు. అందరును కోరి చేరినవారే. బ్రిటనువారితోపాటు కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండు, పోలెండు దేశములవారును ఉన్నారు. వీరిలో 55,573 మంది మరణించినారు, అనగా నూటికి 44 మంది. పెక్కుమంది ఇరువది, ఇరువదిరెండేండ్లవారు. సాధారణముగా 30 దాడులు పూర్తిచేసినచో ఒక విడత ముగిసి విశ్రాంతి దొరకును. ఆ ముప్పది పూర్తిచేయుట ఎంతమందికి సాధ్యమో పై అంకెలే చెప్పుచున్నవి.

ఈ దళముల చరిత్రలో మన హైదరాబాదు పేరు కూడ కలదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలమున, 1918లో, నిజాము ఇచ్చిన ధనముతో కొన్న విమానములతో 110వ స్క్వాడ్రన్ ఫ్రాన్సునకు వెళ్లినది. దానికి 'హైదరాబాద్ స్క్వాడ్రన్' అని పేరు వచ్చినది. రెండవ యుద్ధమును బ్రిటను ప్రకటించిన మరునాడు, 1939 సెప్టెంబరు 4న, జర్మను యుద్ధనౌకలపై జరిపిన మొదటి బాంబుదాడిలో ఆ స్క్వాడ్రన్ విమానములు పాల్గొన్నవి.

యుద్ధము ముగిసిన తరువాత వైమానికులు ఎక్కువగా మాటలాడలేదు. వారి బాంబులకు హాంబర్గులో 1943 జులైలో 35,000 మందికి పైగా, డ్రెస్డెన్‌లో 1945 ఫిబ్రవరిలో, అమెరికను విమానముల దాడితో కలిపి, సుమారు 25,000 మంది బలియైనారు. పౌరులుండు నగరములను కాల్చుట న్యాయమా అను వాదము నేటికిని తెగలేదు. లండనులో వీరి పెద్ద స్మారకము 2012లో గాని వెలియలేదు. ఇంతలో పెక్కుమంది కాలము చేసినారు. 1943 మే నెలలో రూర్ ప్రాంతపు ఆనకట్టలను బ్రద్దలుకొట్టిన దాడికి 133 మంది వెళ్లగా 53 మంది మరణించినారు. వరదలో 1,300 మందికి పైగా మునిగిపోయినారు. వారిలో జర్మనులు బలవంతముగా తెచ్చిన పరదేశపు కూలీలు అనేకులు. ఆ దాడికి వెళ్లివచ్చినవారిలో కడపటివాడైన జానీ జాన్సన్ 2022 డిసెంబరులో 101వ యేట మరణించినాడు. ఇక ఆ రాత్రిని గూర్చి క్రొత్త ప్రశ్న అడుగుటకు ఆ విమానములలోనివారు ఎవరును లేరు. రికార్డు చేసిన గొంతులు మాత్రమే మిగిలినవి.

వ్రాతపూర్వకమైన రికార్డులుండగా ముసలివారి మాటలేల అని విద్యార్థులు అడుగవచ్చును. ప్రతి స్క్వాడ్రనుకు దాడుల దినచర్య పుస్తకము ఉండేది. ప్రతి వైమానికునికి సొంత లాగ్ పుస్తకము ఉండేది. ఇవి చాల విలువైనవి. కాని దినచర్య పుస్తకములోని దాడి వివరము ఎక్కడినుండి వచ్చినది? తెల్లవారుజామున దిగిన సిబ్బందిని కూర్చుండబెట్టి సమాచార అధికారి అడిగిన ప్రశ్నలనుండియే. అనగా ఆ వ్రాతయు ఒకప్పుడు మాటయే. గంట వయసుగల జ్ఞాపకము.

గంట వయసైనంత మాత్రమున అది సరియైనదనుకొనరాదు. 1941 వేసవిలో డి.ఎమ్. బట్ అను ఉద్యోగి, బాంబులు వేయునప్పుడు విమానములనుండి తీసిన 600కు పైగా ఫోటోలను పరిశీలించినాడు. లక్ష్యముపై దాడి చేసితిమని చెప్పిన విమానములలో మూడింట ఒకవంతు మాత్రమే లక్ష్యమునకు 5 మైళ్లలోపలికి చేరినవని తేలినది. సిబ్బంది అబద్ధమాడలేదు. చీకటి, మబ్బు, పొగ, అలసటల నడుమ వారు చూచినదే తప్పు. కనుక ముసలివాని మాటలో పొరపాటు కనబడగానే వయసుపై నేరము మోపుట శాస్త్రీయము కాదు. తప్పు చూపులో దొరలవచ్చును, దాచుటలో దొరలవచ్చును, చెప్పుటలోను దొరలవచ్చును.

చూపు సంగతి ఇంకను గమనింపదగినది. లాంకాస్టర్ విమానములో ఏడుగురుందురు: పైలట్, ఇంజనీరు, దారి లెక్కకట్టు నావిగేటర్, బాంబు వేయువాడు, వైర్‌లెస్ మనిషి, వీపుమీద ఒకడు, తోకలో ఒకడు తుపాకిదారులు. నావిగేటర్ తెరచాటున దీపము పెట్టుకొని పటముపై గీతలు గీయుచుండును. మండుచున్న నగరమును ఆతడు చూడకయే ఇంటికి రావచ్చును. తోకలోనివాడు వదలివచ్చిన దారినే చూచుచుండును. ఆతని చోట చలి సున్నకు దిగువన 40 డిగ్రీల వరకు పోవచ్చును. విద్యుత్తుతో వేడెక్కు దుస్తులు తొడిగినను వ్రేళ్లు మంచుకాటుకు గురియగుట కలదు. అదే విమానములో వేడిగాలి గొట్టము ప్రక్కన కూర్చున్న వైర్‌లెస్ మనిషికి ఉక్కపోత! 'విమానములో చలిగా ఉండెనా?' అను ప్రశ్నకు ఇద్దరును వేరువేరుగా జవాబు చెప్పుదురు. ఇద్దరిదియు నిజమే. అందుచేత వక్త ఏ స్థానమున కూర్చుండెనో మొదట తెలిసికొనవలెను.

ఇక దాచుట. కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అమెరికా ఆదివాసుల కథ నొకదానిని ఇంగ్లీషు విద్యార్థులచే చదివించి, కొంతకాలమునకు తిరిగి చెప్పించినాడు. 1932లో ఆయన ప్రకటించిన ఫలితములలో కథ చిన్నదైనది. తమకు తెలియని సంగతులు జారిపోయి, తెలిసినవి వాటి చోటికి వచ్చినవి. జ్ఞాపకము పెట్టెలో పెట్టిన వస్తువు వంటిది కాదనియు, తీసినప్పుడెల్ల మరల కట్టుకొను ఇల్లు వంటిదనియు దీనినిబట్టి తెలియుచున్నది. తరువాత చూచిన సినిమా కూడ ఆ ఇంటిలోనికి ఇటుకలను చేర్చవచ్చును. ఆనకట్టల దాడిపై 1955లో ఒక ప్రసిద్ధమైన సినిమా వచ్చిన సంగతి ఇచట మరువరాదు.

కాని నిరాశపడ నక్కరలేదు. డెన్మార్కులో 2005లో బెర్న్‌ట్సెన్, థామ్సెన్ అను పరిశోధకులు ఒక పరిశీలన ప్రకటించినారు. 145 మంది వృద్ధులను జర్మను దండయాత్ర, విముక్తి జరిగిన దినములను గూర్చి అడిగి, ఆనాటి వాతావరణము, వారము, వేళలను పాత రికార్డులతో సరిచూచినారు. అరువదేండ్లు గడచినను వారి జవాబులు ఎక్కువగా సరిపోయినవి. ప్రతిఘటనోద్యమముతో సంబంధమున్నవారి జ్ఞాపకము మరింత నిక్కచ్చిగా ఉన్నది. పైగా పదునైదు మొదలు ఇరువదియైదేండ్ల నడిమి సంగతులే మనుష్యునికి ముసలితనమున ఎక్కువగా గుర్తుండునని ఇతర పరిశోధనలు చెప్పుచున్నవి. మన వైమానికులు ఎగిరినది ఆ వయసులోనే.

చెప్పుట అడిగెడువాని చేతిలో కూడ ఉన్నది. 'కార్లు ఢీకొన్నప్పుడు' అనుటకు బదులు 'కార్లు తుక్కుతుక్కుగా గ్రుద్దుకొన్నప్పుడు' అని అడిగినచో సాక్షులు వేగమును హెచ్చుగా చెప్పుదురని 1974లో లాఫ్టస్, పామర్ ప్రయోగము చేసి చూపినారు. కనుక 'మీరు చాల భయపడినారు గదా?' అని అడుగరాదు. 'విమానము ఎక్కుటకు ముందు గంటసేపు ఏమి చేసేవారు?' అని అడిగి ఊరకుండవలెను. ఆ ఊరకుండుటయే కష్టము! ఎగురలేనన్నవానిపై ధైర్యము చాలనివాడను ముద్రవేసి దళమునుండి తొలగించేవారు. అట్టి మాటలు తరచుగా ఒక దీర్ఘ మౌనము తరువాతనే వచ్చును.

జ్ఞాపకము కాక ఆ క్షణపు ధ్వనియే మనకు దక్కిన సందర్భము ఒకటి కలదు. 1943 సెప్టెంబరు 3 రాత్రి బి.బి.సి. విలేకరి విన్‌ఫోర్డ్ వాన్ థామస్ ఒక ఇంజనీరుతో కలిసి, డిస్కు రికార్డింగు యంత్రముతో, లాంకాస్టర్‌లో బెర్లినుకు పోయివచ్చినాడు. శత్రువిమానము ఎదురగుట, తుపాకిదారులు దానిని కాల్చుట ఆ డిస్కులలో వినబడును. సిబ్బంది గొంతులు చాలవరకు నిదానముగా ఉన్నవి. ఆ నిదానము వెనుక ఏముండెనో యంత్రము చెప్పజాలదు.

రికార్డు చేసిన మాట తనంత తాను నిలువదు. పాత అయస్కాంత టేపులపై పొడిని అంటించిన జిగురు, తేమను పీల్చి బంకబంకగా మారును. అసిటేటు టేపులు చివికి వినెగారు వాసన కొట్టును. కావున మాటను అంకెలలోనికి మార్చి దాచుచున్నారు. శబ్ద భాండాగారములు సిఫారసు చేయు కనీసపు మేరలో సెకనుకు 48,000 నమూనాలు, ఒక్కొక్క నమూనాకు 3 బైట్లు. గంట సంభాషణకు సుమారు 52 కోట్ల బైట్లగునని విద్యార్థులే గుణించి చూచుకొనవచ్చును. ఒక్క అంకె చెడినను తెలియుటకు ఫైలు మొత్తమునుండి ఒక తనిఖీ సంఖ్యను లెక్కించి ఉంచుదురు. ప్రతులను వేరువేరు చోట్ల పెట్టుదురు. వక్త అనుమతిపత్రము లేనిదే దేనిని బయటపెట్టరాదు.

లింకన్ నగరమున 2018లో తెరచిన అంతర్జాతీయ బాంబర్ కమాండ్ కేంద్రము, అచటి విశ్వవిద్యాలయముతో కలిసి వెయ్యికి పైగా సంభాషణలను ఇట్లు భద్రపరచినది. అందులో నాకు మిక్కిలి నచ్చిన సంగతి వేరొకటి. బాంబులు వేసినవారి మాటల ప్రక్కనే, ఆ బాంబుల క్రింద నేలమాళిగలలో దాగిన జర్మను, ఇటాలియను పౌరుల మాటలును ఉన్నవి.

బాంబు క్రిందనున్నవారు మన తీరమునను కలరు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణముపైన, కాకినాడపైన బాంబులు వేసినవి. ఆనాడు పదేండ్ల వయసున్నవారు నేడు తొంబది దాటినవారు. ఆ ఊళ్ల పాఠశాలలవారు పూనుకొన్నచో ఒక ఫోనులోని రికార్డరు చాలును. మొదట వారి పేరు, పుట్టిన యేడు, అప్పుడు కాపురమున్న వీధి, బాంబు పడిన వేళకు తాము నిలుచున్న చోటు చెప్పించి, ఆ పిమ్మట ప్రశ్నలు తగ్గించి వినవలెను. తేదీ తప్పు చెప్పినచో మధ్యలో దిద్దరాదు; వ్రాత ప్రతి ప్రక్కన గుర్తుపెట్టుకొని, ఆనాటి పత్రికలతో తరువాత సరిచూడవచ్చును.