తిరుత్తణి తెలుగువాని మాటలు: రాధాకృష్ణన్ సూక్తులను చదవడం ఎలా?

మహనీయుల మాటలు సూక్తులుగా ప్రచారంలోకి రావడం మనకు కొత్త కాదు. బడి గోడల మీద, డైరీల పుటల అడుగున, వక్తృత్వ పోటీల్లో అవి కనిపిస్తూనే ఉంటాయి. అయితే ఆ మాటను ఎవరు, ఎప్పుడు, ఎవరితో, ఏ భాషలో అన్నారన్న విచారణ మాత్రం అరుదు. ఆ విచారణ లేకపోతే కలిగే నష్టమేమిటో సర్వేపల్లి రాధాకృష్ణన్ మాటలను ఉదాహరణగా తీసుకొని పరిశీలిద్దాం.

రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో ఒక తెలుగు కుటుంబంలో జన్మించారు. ఇంటిపేరు నెల్లూరు ప్రాంతపు సర్వేపల్లి గ్రామానిది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు చిత్తూరు జిల్లాలో భాగంగా ఉన్న తిరుత్తణి, 1959 నాటి సరిహద్దు మార్పుల చట్టం ప్రకారం 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో చేరింది. బదులుగా తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల్లోని కొన్ని గ్రామాలు సత్యవేడు ప్రాంతంగా ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. నేడు తిరుత్తణి తిరువళ్ళూరు జిల్లాలో ఉంది. గీత మారినా ఊరివారి మాట ఒక్క రోజులో మారదు కదా! ఈ సీమలో తెలుగు, తమిళం పక్కపక్కనే బతికాయి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆయన మాతృభాష తెలుగే అయినా, ప్రసిద్ధమైన ఆయన గ్రంథాలు, ఉపన్యాసాలు ఇంగ్లీషులో వెలువడ్డాయి. కనుక మనం తెలుగులో వల్లించే ఆయన సూక్తుల్లో చాలా భాగం అనువాదాలే. అనువాదకుని బట్టి మాట మారుతుంది. మాట మారితే భావమూ కొంత జరుగుతుంది.

మతం గురించి ఆయన అన్నవాటినే చూడండి. మతమంటే సిద్ధాంతాల పట్టిక కాదు, అనుభవం, జీవన విధానం అన్నది ఆయన అభిప్రాయ సారం. ఈ ఒక్క ముక్కనే విడిగా చదివితే మెత్తని ఉపదేశంలా తోస్తుంది. కాని ఆయన తిరుపతి, వేలూరు, మద్రాసులలోని క్రైస్తవ విద్యాసంస్థల్లో చదివారు. హిందూ ధర్మంపై మిషనరీ అధ్యాపకుల విమర్శలే తనను వేదాంత అధ్యయనానికి పురికొల్పాయని తర్వాత చెప్పుకున్నారు. 1908లో ఎం.ఏ. పట్టం కోసం వేదాంతంలోని నీతిపై వ్యాసం రాశారు. 1926లో ఆక్స్‌ఫర్డులో అప్టన్ ఉపన్యాసాలు ఇచ్చినప్పుడు ఎదుట కూర్చున్నది విదేశీ శ్రోతలు. అంటే అది ఉపదేశం మాత్రమే కాదు, విమర్శకు సమాధానం కూడా. సందర్భం తెలిస్తేనే ఆ మాటలోని పట్టుదల తెలుస్తుంది.

జీవితం గురించి మరొక ప్రసిద్ధ సంభాషణ ఉంది. ఆయన 1949 నుంచి 1952 వరకు మాస్కోలో భారత రాయబారి. యుద్ధ విజయం తర్వాత హింసను విడిచిన అశోకుని ఉదంతాన్ని స్టాలిన్‌కు చెప్పి, అటువంటి మార్పు మీకూ రావచ్చునన్న అర్థంలో మాట్లాడారని, తాను మతవిద్యాలయంలో చదివిన సంగతిని గుర్తుచేస్తూ స్టాలిన్ బదులిచ్చారని చెబుతారు. ఈ సంభాషణలోని పదాలు చెప్పేవారిని బట్టి మారుతున్నాయి. కనుక భావాన్ని గ్రహించవచ్చుగాని, పదాలను కొటేషన్ గుర్తుల మధ్య బిగించడం తగదు.

కీర్తి విషయానికి వద్దాం. 1921లో ఆయన మైసూరు విడిచి కలకత్తా వెళ్తున్నప్పుడు విద్యార్థులు గుర్రాలను విప్పి, బండిని తామే రైలు స్టేషనుకు లాగారు. 1962లో రాష్ట్రపతి అయ్యాక శిష్యులు, మిత్రులు జన్మదినం జరుపుతామంటే, ఆ రోజును ఉపాధ్యాయ దినోత్సవంగా జరిపితే తనకు గర్వకారణమని అన్నారు. వ్యక్తికి వచ్చిన కీర్తిని వృత్తికి మళ్ళించిన మాట ఇది. మొదటి సంఘటన తెలిసినవారికి రెండవదాని లోతు అర్థమవుతుంది. దేశంలో అత్యున్నత పదవిలో ఉన్నప్పుడు కూడా ఆయన గుర్తు పెట్టుకున్నది బోధననే.

కాబట్టి సూక్తిని చదివేటప్పుడు ఎప్పుడు, ఎవరితో, ఏ భాషలో అన్న మూడు ప్రశ్నలు వేయడం విద్యార్థులకు నేర్పాలి. జవాబు దొరకని మాటను మహనీయునికి అంటగట్టకుండా, మంచి మాటగానే ఉంచుదాం. మంచి మాటకు పెద్ద పేరు తోడు లేకపోయినా విలువ తగ్గదు. మహనీయునికి మాత్రం ఆయన అనని మాట వల్ల అన్యాయం జరుగుతుంది.