కొలిచి పెట్టే అన్నం

పిల్లవాడు బక్కగా ఉంటే పప్పు పెట్టండి, గుడ్డు పెట్టండి, పాలు తాగించండి అని తల్లులకు చెప్పేది మేమే. అంగన్‌వాడీలోనూ అదే చెబుతారు. దాదాపు పిల్లలందరికీ అది మంచి మాటే. కాని కొద్దిమందికి ఆ పప్పు, ఆ గుడ్డే మెదడుకు విషమవుతాయి. ఈసారి వారి గురించి రాస్తున్నాము.

మనం తిన్న మాంసకృత్తులు కడుపులో అమైనో ఆమ్లాలుగా విడిపోతాయి. ఒంటికి కావలసినంత వాడుకున్నాక మిగిలినదాన్ని ఎంజైములు విరగ్గొడతాయి. ఫినైల్‌కీటోనూరియా, మేపుల్ సిరప్ యూరిన్ వ్యాధి, యూరియా సైకిల్ లోపాలు వంటి జబ్బులతో పుట్టిన బిడ్డలో అలాంటి ఎంజైము ఒకటి సరిగా పనిచేయదు. అందువల్ల హాని చేసే పదార్థాలు రక్తంలో పేరుకుంటాయి. తల్లిదండ్రులు ఆరోగ్యంగానే కనిపిస్తారు. ఈ జబ్బుల్లో చాలావాటికి లోపమున్న జన్యువు ఇద్దరిలోనూ దాగి ఉంటుంది. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ఆత్మకూర్ వంటి చోట్ల దీన్ని తేలిగ్గా తీసుకోరాదు. హైదరాబాదు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో 18,300 మంది శిశువులను పరీక్షించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, సుమారు వెయ్యి మందికి ఒకరిలో ఇలాంటి పుట్టుక లోపాలు కనిపించాయి.

తిండి మార్చి జబ్బును అదుపు చేయవచ్చని మొదట చూపినది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో, 1951 ప్రాంతంలో. ఫినైల్‌కీటోనూరియా ఉన్న కూతురికి ఏదైనా చేయండని ఒక తల్లి డాక్టర్ హోర్స్ట్ బికెల్‌ను వదలకుండా అడిగింది. ఆయన, తోటి డాక్టర్లు కలిసి ఫినైల్‌అలనిన్ తగ్గించిన ఆహారం తయారుచేశారు. పిల్ల మెరుగుపడింది. ఆ పదార్థం మళ్లీ కలిపితే వెనక్కి జారింది.

ఈ పథ్యం తల్లి ఒక్కతే చేసేది కాదు. తల్లి కొలిచి పెడుతుంది, నాయనమ్మ "పసివాడికి ఇంత పప్పు కూడా లేకపోతే ఎట్లా?" అని చాటుగా ఒక ముద్ద పెడుతుంది. పక్కింటివారు పల్లీపట్టీ ఇస్తారు. బతుకమ్మ సద్దుల్లో నువ్వుల పొడి, పల్లీల పొడి, విందులో మాంసం ఉండనే ఉంటాయి. అంగన్‌వాడీ బాలామృతంలో శనగపప్పు, పాలపొడి కలుస్తాయి. అందరిదీ ప్రేమే. ఆ ప్రేమకే ముందుగా నచ్చజెప్పాలి. అంగన్‌వాడీ టీచరుకు, బడి పంతులుకు డాక్టరు చీటీ నకలు ఇవ్వండి.

అట్లని మాంసకృత్తులు పూర్తిగా మానిపించడమూ తప్పే. బిడ్డ పెరగడానికి కొంత కావాలి. ఎంతన్నది రక్తపరీక్ష చూసి డాక్టరు, డైటీషియన్ చెబుతారు. వయసుతో అది మారుతుంది. తల్లిపాలు కూడా సొంతంగా ఆపకండి. కందిపప్పు 100 గ్రాముల్లో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులుంటే బియ్యంలో సుమారు 7 ఉంటాయి. కనుక అన్నాన్నీ తూకం వేయాలి. సగ్గుబియ్యంలో దాదాపు ఏమీ ఉండవు. చక్కెర, నెయ్యి, నూనెతో కడుపు నింపవచ్చు. సొరకాయ, బీరకాయ వంటివీ చాలావరకు పనికొస్తాయి. చాలామందికి డాక్టరు రాసిన ప్రత్యేక ఫార్ములా పొడి కూడా కావాలి. దాని వాసన బాగుండదు, పిల్లలు మొరాయిస్తారు. అయినా చెప్పిన కొలత మానకూడదు.

మరొక మాట. జ్వరమొస్తే లంఖణం పెట్టే అలవాటు మనకుంది. ఈ పిల్లలకు, ముఖ్యంగా మేపుల్ సిరప్, యూరియా సైకిల్ జబ్బులున్నవారికి, అది ప్రాణం మీదికి తెస్తుంది. తిండి లేకపోతే శరీరం తన కండనే కరిగించుకుంటుంది. అదీ మాంసకృత్తే కదా. జ్వరం, వాంతులు మొదలైతే డాక్టరు ముందే రాసిచ్చిన ప్రకారం గ్లూకోజు నీళ్లు పట్టిస్తూ వెంటనే ఆసుపత్రికి రావాలి. మత్తుగా పడి ఉంటే రాత్రైనా ఆగవద్దు.

పుట్టిన మొదటి వారంలోనే బిడ్డ పాలు మానేసినా, మగతగా ఉన్నా, మూత్రం కాల్చిన చక్కెర వాసన వచ్చినా, ఇంతకుముందు కారణం తెలియకుండా పసిబిడ్డ పోయినా మాకు దాచకుండా చెప్పండి. హైదరాబాదు నిమ్స్‌లో జన్యు విభాగం ఉంది. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద సి.డి.ఎఫ్.డి.తో కలిపి దాన్ని ప్రత్యేక కేంద్రంగా గుర్తించారు. ప్రత్యేక ఆహారంతో అదుపయ్యే జబ్బులు కొన్ని ఆ విధానంలో ఉన్నాయి. 2022లో సహాయ పరిమితిని 50 లక్షల రూపాయల వరకు పెంచారు. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ, పోయిన బిడ్డవి ఉంటే అవి కూడా, వెంట తీసుకెళ్లండి.