పాత యిల్లు, పాత సామగ్రి

గోదావరి ప్రాంతపు పల్లెలలో మండువా లోగిళ్లు ఇంకను అక్కడక్కడ నిలిచియున్నవి. నడుమ ఆకాశమునకు తెరచియుండు చదరము. దాని నాలుగు వైపులను టేకు స్తంభములమీద లోనికి వాలియుండు పెంకుల కప్పు. ఆ కప్పునుండి జారిన వాననీరు మండువాలో బడి తూము గుండ వెలికి పోవును. మన విద్యార్థులలో కొందఱు అట్టి యిండ్లలో పెరిగినవారే. వారి పెద్దలలో పలువురు ఇప్పుడు ఇంటిని పడగొట్టి మేడ కట్టుదుమా, ఉన్నదానినే నిలుపుకొందుమా యని తర్కించుకొనుచున్నారు. మా తాతగారి నాటి లోగిలిని బాగుచేయింప బూని రెండేండ్లుగా మేము నేర్చుకొన్న సంగతులు వారికి అక్కఱకు రావచ్చునని యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మొదట చూడవలసినది కప్పు. గోడలకు రంగులు, గదులకు కుర్చీలు తరువాతి మాట. ఒక పెంకు జరిగినచో ఆ సందున దిగిన నీరు వాసమును నానబెట్టును. నానిన వాసమునకు చెదలు పట్టును. వాసము క్రుంగినచో మఱి పది పెంకులు జరుగును. పాత లోగిళ్లమీద రెండు తెగల పెంకులు కనబడును. కుమ్మరి సారెపై చేసిన గూనపెంకులు మొదటివి. అచ్చున దీసిన చదునైన మంగుళూరు పెంకులు రెండవవి. వీని కర్మాగారమును 1860-70 సంవత్సరముల నడుమ మంగుళూరున బాసెల్ మిషనువారు నెలకొల్పిరి. పెంకును త్రిప్పి చూచినచో చేసినవారి పేరు అచ్చుపడి యుండును. పగిలినదానికి బదులు వెదకువారికి ఆ పేరే దారి చూపును. ఒక కర్మాగారపు పెంకు వేఱొకదాని గాడిలో తఱచుగా సరిపడదు. పాత పెంకులు కొనునపుడు ఆనవాలుకొఱకు ఒక పెంకును చేతబట్టుకొని పోవుట మంచిది.

తరువాత గోడలు. పాత యింటికి నీటి వెనుక వచ్చు శత్రువు సిమెంటని మేము చెప్పగా మా తాపీమేస్త్రి నవ్వెను. కాని కారణము స్పష్టము. సున్నపురాతిని సుమారు 900 డిగ్రీల వేడిమిలో కాల్చినచో అందలి బొగ్గుపులుసు వాయువు పోయి రాతిసున్నము మిగులును. నీరు చల్లగా అది బుసబుస పొంగి పొడియగును. ఇసుకతో గలిపి గానుగలో నూరినచో డంగుసున్నము సిద్ధమగును. అందు బెల్లపునీరును, కరక్కాయలు నానిన నీరును కలుపుట మనవారి వాడుక. గోడకు పూసిన పిమ్మట అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకొని మరల రాయిగా మాఱును. ఇట్టి గార సూక్ష్మరంధ్రములు గలది. నేలనుండి గోడలోనికెక్కిన తేమ దాని గుండ వెలికి వచ్చి ఆరిపోవును.

1824లో ఇంగ్లండున జోసెఫ్ ఆస్ప్‌డిన్ హక్కుపత్రము పొందిన పోర్ట్‌లండు సిమెంటు క్రొత్త కట్టడములకు మేలైనదే. మట్టితో గాని సున్నముతో గాని కట్టిన పాత యిటుక గోడకు దానిని పూసినచో మాత్రము లోని తేమకు దారి మూసికొనును. ఇటుక లోలోపల నాని, ఉప్పు పొంగి, పొడిపొడిగా రాలును. పైకి గోడ గట్టిగనే కనబడును. మోసమంతయు అందే యున్నది. మా పడమటింటి గోడకు మునుపెన్నడో పూసిన సిమెంటును ఊడదీయగా లోని యిటుకలు వ్రేలితో గీచినంతనే రాలినవి. అది చూచిన పిమ్మట మేస్త్రియే సున్నపుగానుగ ఎక్కడ దొరకునని వెదక నారంభించెను. పాత గారనంతయు గొట్టివేయ నక్కఱలేదు. వ్రేళ్ల కణుపులతో తట్టి చూడుడు. డొల్లగా మ్రోగినచోటనే తీసి పూయించిన చాలును.

ఇక కలప. పుచ్చిన స్తంభమును పూర్తిగా మార్చుటకంటె పుచ్చినంత మేర కోసి మేలైన కఱ్ఱను అతికించుట ఉత్తమము. నేర్పరియైన వడ్రంగి దీనిని చేయగలడు. అతుకునకు కావలసిన పాత టేకు కలప అడితులలో దొరకును. దశాబ్దములుగా ఆరిన కఱ్ఱ యగుటచే అది వంగదు, చీలదు. కొనుటకు ముందు మేకులున్నవేమో, చెదలు తొలిచిన సొరంగములున్నవేమో చూచుకొనవలయును.

అయితే అడితిలోని ప్రతి స్తంభమును ఒక కూలిన యింటిదే. ఈ మాటను మేము తేలికగా వ్రాయుటలేదు. తమిళదేశమున చెట్టినాటి వర్తకులు బర్మా టేకుతో కట్టిన గొప్ప భవనములు పెక్కులు విప్పబడి, వాని తలుపులు, స్తంభములు, పాత్రలు కారైకుడి అంగళ్లలో అమ్ముడుపోయినవి. వానిని కొని తమ యింటి ముంగిట నిలుపుకొన్నవారు పాతదనమును కాపాడితిమనుకొందురు. తనంతట కూలిన యింటి కలపను వాడుట పుణ్యమే. నిలిచియున్న యింటి ద్వారబంధమునకు బేరమాడుట మాత్రము ఆ యింటిని కూల్చుటకు కూలి యిచ్చినట్లే. కావున అడితిలో మేమడుగు మొదటి ప్రశ్న ధర కాదు, ఇది ఎక్కడి దనునది. మదరాసునకు దక్షిణమున ముట్టుకాడులో 1996లో తెరచిన దక్షిణచిత్రములో మఱియొక మార్గము చూడవచ్చును. పడగొట్టబోవు పాత యిండ్లను విప్పి, ముక్కలు తెచ్చి, అచ్చట మరల నిలిపినారు. ఇల్లు ఊరు మాఱినను ఇల్లుగనే మిగిలినది.

విగ్రహములు, ఆలయపు చెక్కడములు అమ్మజూపువారి జోలికి పోరాదు. 1972 నాటి చట్టము ననుసరించి నూఱేండ్లు దాటిన శిల్పములు, చిత్రములు మొదలగునవి పురావస్తువులు; వాని వ్యాపారమునకు అనుమతి పత్రము వలయును, ప్రైవేటు వ్యక్తులు వానిని విదేశములకు పంపరాదు.

గృహోపకరణములలో భోషాణము, పందిరిమంచము, ఉయ్యాలబల్ల, పడకకుర్చీ సంతలలో తఱచు కనబడును. క్రొత్తవానికి పాత వేషము వేయువారును కలరు. నిజమైన పాతపెట్టెలో అరుగుదల చేయి తగులుచోటనే, అనగా మూత అంచునను, పిడియొద్దను ఉండును. అంతటను సమముగా అరిగియుండదు. చేతితో కోసిన అతుకుల పండ్లు కొంచెము హెచ్చుతగ్గులుగా నుండును. పెట్టెను తలక్రిందులు చేసి అడుగు చూచుటకు మొగమాటపడరాదు.

పాత రంగును గీచివేయునపుడు జాగ్రత్త. పూర్వపు రంగులలో సీసము కలిపెడివారు. ఆ ధూళి పిల్లల మెదడునకు హానికరము. మన దేశమున ఇండ్ల రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నియమము 2017 నుండి మాత్రమే అమలులోనికి వచ్చినది. కావున పొడిగా గరుకుకాగితము రుద్దక, తడిపి గీచి, ఆ చెత్తను మూటగట్టి తొలగింపవలయును. పిల్లలను ఆ దరిదాపులకు రానీయకూడదు.

ఇత్తడి బిందెలు, గంగాళములు చింతపండుతో తోమిన చాలును. నగిషీ చెక్కినవానిని ఇటుకపొడితో గట్టిగా రుద్దినచో పని అరిగిపోవును. వండుటకు వాడు పాత్రకు లోపల కళాయి పోయింపవలయును. లేనిచో పులుసు చిలుమెక్కును. కళాయివారు పల్లెలకు వచ్చుట యిప్పుడు అరుదు. పట్టణములలో పాతయిత్తడి అంగళ్లవారి నడిగినచో వారి జాడ తెలియును. మాకు అట్లే తెలిసినది.