ఇఱ్ఱి కొలిచిన దూరము

మొన్నటి వైశాఖమున ఒక సాయంకాలము, కోవిల్పట్టిలో మా మేనత్తగారి యింటి వసారాలో కడలైమిఠాయి పొట్లము నడుమ నుంచుకొని కూర్చున్న బంధుజనమునకు, అగ్గిపెట్టెల వ్యాపారమునకై తూర్పు ఆఫ్రికాకు పోయి అప్పుడే తిరిగివచ్చిన మా బావ, తన ఫోనులోని బొమ్మలను ఒక్కొక్కటిగా త్రిప్పి చూపుచు, కెన్యాలోని మసాయి మారా గడ్డిబయలులో తామెక్కిన జీపు నీడలోనికే ఒక ఆడుసింహము నడచివచ్చి పండుకొన్నదనియు, తన మోకాటికిని దాని వీపునకును నడుమ రెండు బారల యెడమైనను లేకుండెననియు, అయినను అరగంటసేపు అది తనవంక కన్నెత్తియైన చూడలేదనియు, అందుకు తన ధైర్యమే కారణమన్నట్లు చెప్పుకొనిపోవుచుండగా, వెల్లుల్లి వలచుచున్న మా అత్త తలయెత్తకయే, "నిన్ను మనిషనే అనుకోలేదేమో లేరా, నాయనా" అనెను. అందఱును నవ్విరి, బావయు నవ్వెను. ఆ యెత్తిపొడుపు అక్షరాలా శాస్త్రమేనని ఆనాడు మాలో నెవరికిని తట్టలేదు.

తట్టినది వల్లనాటిలో. కోవిల్పట్టి నుండి దక్షిణముగా, 1799లో పాళెగాడు కట్టబొమ్మనను ఉరితీసిన కయత్తాఱు మీదుగా తిరునెల్వేలి చేరి, అక్కడ తూత్తుక్కుడి మార్గమునకు మరలి 18 కిలోమీటర్లు పోయినచో ఒక రాతిగుట్ట కనబడును. దానిని, దాని చుట్టునున్న ముళ్లపొదల నేలను, మొత్తము 1641 హెక్టార్లను, 1987లో కృష్ణజింకల అభయారణ్యముగా ప్రకటించిరి. కృష్ణజింకలు స్వతస్సిద్ధముగా బ్రదుకుచున్న తావులలో మన దేశమున కెల్ల దక్షిణపు కొన యిదియే. గరుకు నేల, చీలమండ దాటని గడ్డి, నడుమ నడుమ గొడుగుతుమ్మలు. గొడుగుతుమ్మ కొమ్మలు మీదికి పోవుట మాని ఒకే మట్టమున చుట్టును పరచుకొని నిజముగనే విప్పిన గొడుగువలె నుండును. ఆఫ్రికా బొమ్మలలో సూర్యాస్తమయమునకు ముందు నల్లగా నిలుచు తుమ్మ దీనికి దాయాది. బావ దానిని చూచి, "ఏమయ్యా, మళ్లీ మారాకే వచ్చినామా?" అనెను.

ప్రొద్దు పొడిచి పావుగంటయైనది. అభయారణ్యపు హద్దుకు వెలుపల నున్న బీటిలో ఒక ఇఱ్ఱి, అనగా మగ కృష్ణజింక, ఐదాఱు లేళ్లు మేయుచుండెను. తమిళమున దీనిని ఇరలై యందురు, కన్నడమున ఎరలె, మనది ఇఱ్ఱి. మూడింటిని ప్రక్కప్రక్కన నుంచి పలికినచో చుట్టరికము చెవికే తెలియును. ఇఱ్ఱి వీపు కాటుకనలుపు, కడుపు సున్నపుతెలుపు, కంటి చుట్టును తెల్లని వలయము; కొమ్ములు బరమా చుట్లవలె మెలిదిరిగి మీదికి పోయినవి. బావ కారు దిగి, చేయి చాచి, "అదిగో" అనెను. ఆ మాట గట్టిగా అన్నదియు కాదు. నూటయేబది అడుగుల ఆవల నున్న లేళ్లన్నియు ఒక్కమారుగా తలలెత్తెను. ఒక లేడి నాలుగు కాళ్లను బిగించి, ఉన్నచోటనే నిట్టనిలువుగా ఎగిరెను. దాని వెనుక మఱియొకటి, దాని వెనుక ఇంకొకటి. పిదప ధూళి మాత్రము మిగిలెను. మేము వెలవెలబోయి నిలుచుండగా, ఒక మేకల కాపరి, తలపాగాయు కఱ్ఱయు గలవాడు, తన మందను తోలుకొని ఆ జింకలు పోయి నిలిచిన దిక్కుననే సాగిపోయెను. అవి అతనిని ఒకసారి చూచి మరల మేతకు వంగెను. "సింహమే నన్ను లెక్కచేయలేదు, మేకపిల్లంత దానికి నేనంటే యింత భయమా?" అని బావ చిన్నబుచ్చుకొనెను. ప్రశ్న చక్కనిదే. అరణ్యయాత్రకు పోవు ప్రతివాని యనుభవమును ఆ ప్రశ్నకు చెప్పు సమాధానము మీదనే ఆధారపడియున్నది.

స్విట్జర్లాండు జంతుశాస్త్రజ్ఞుడు హైని హెడిగర్, బెర్న్, బాసెల్, జ్యూరిక్ నగరముల జంతుప్రదర్శనశాలలను నడపినవాడు, మృగములను బోనులలో బాగుగ నుంచవలెనన్న అవి బయట ఎట్లు బ్రదుకునో తెలియవలెనని తలచి, ప్రతి మృగమునకును తన చుట్టు ఒక అదృశ్యమైన గీత కలదని, శత్రువు ఆ గీతను దాటనంతవరకు అది చూచుచు ఊరకుండునని, దాటిన క్షణమున పరుగెత్తునని నిరూపించెను. ఆ గీతను పలాయనదూర మందము. దానికి లోపల మఱియొక గీత యున్నది. పాఱిపోవుటకు త్రోవ లేక, శత్రువు దానిని గూడ దాటివచ్చినచో మృగము వెనుదిరిగి మీదపడును. కుందేలు వేటకుక్కలను తఱిమిన చోట కోట కట్టిరను కథను విజయనగరమునకు చెప్పుదురు, కట్టబొమ్మన వంశమువారి పాంచాలంకుఱిచ్చికిని చెప్పుదురు. ఉత్తరమునుండి బండ్లు కట్టుకొని ఈ నల్లరేగడికి వచ్చిన మన తెలుగు పూర్వులు, జొన్నవిత్తులతోపాటు ఆ కుందేటిని గూడ తెచ్చుకొనిరి కాబోలు. కథకులు దానిని నేల మహిమ యనిరి. హెడిగర్ వినియుండినచో, కుక్కలు కుందేటి రెండవ గీతను దాటినవని మాత్రమే చెప్పియుండును.

ఈ గీత స్థిరమైనది కాదు. పరుగెత్తిన ప్రతిమారును మృగమునకు నష్టమే: కడుపు నిండదు, బలము తఱుగును, మండుటెండలో ఒడలు వేడెక్కును. ఊరక నిలిచినచో ప్రాణభయము. ఈ రెండింటిని త్రాసులో వేసి, నిలుచుట కంటె పోవుటయే చౌకయైన క్షణముననే అది కదలునని 1986లో యీడెన్‌బర్గ్, డిల్ అను నిరువురు శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. అందువలన, ఆశ్రయము దగ్గఱ నున్న మృగము తాపీగా నుండును, దూరముననున్నది తొందరపడును. విరుదునగరము జిల్లాలో శ్రీవిల్లిపుత్తూరు కొండల కడనున్న షెన్బగత్తోపునకు పోయి చూచినవారికి ఇది మెడనొప్పితో సహా అనుభవమునకు వచ్చును. అక్కడ 1988లో ఏర్పడిన అభయారణ్యము నెరసిన రోమములు గల పెద్దయుడుత కొఱకైనది. 2021లో ఆ యడవి మేఘమలైతో కలిసి పులుల రక్షితారణ్యమైనది. పిల్లికి తీసిపోని ఆ యుడుత చింతకొమ్మపై కూర్చుండి, క్రింద మనము నిలిచియున్నను కాయను త్రిప్పుచు కొఱుకుచునే యుండును. దాని యాశ్రయము దాని కాలిక్రిందనే యున్నది. దాని గీత నిలువుగా గీచినది. బయలులోని జింకకు పొద లేదు, బొరియ లేదు; ఉన్నదెల్ల కాళ్లు, కండ్లు.

ఇక సింహము మాట. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయోద్యానము 1926లో ఏర్పడగా, మఱుసటి యేడే సందర్శకుల మోటారుకార్లు దానిలోనికి పోయెను. నాటినుండి ఎన్నో తరముల సింహములు, పుట్టిన కొలది దినములకే ఈ గర్జించు పెట్టెలను చూచి, అవి కొట్టవని, తినవని, తినుటకు పనికిరావని తెలిసికొన్నవి. హానియు లాభమును లేని దానిని పదేపదే చూచిన మనస్సు దానిని గమనించుటయే మానివేయును. గడియారపు టిక్కుటిక్కు మనకు వినబడకపోవుట వంటిదే యిది. వాహనము, దానిలోని జనము, డీజిలు కంపు, అన్నియు కలిసి సింహమునకు ఒకే ఆకారము. ఆ యాకారమునుండి ఒక మనుష్యుడు విడిపడి, లేచి నిలిచినను, కాలు క్రింద మోపినను, లెక్క వెంటనే మాఱును. వాహనము దిగరాదను నియమమునకు హేతు విదియే. కాబట్టి మా యత్త చెప్పినది సత్యము: ఆ యరగంట మా బావ సింహము కంటికి మనిషి కాడు, జీపులో నొక భాగము. వల్లనాటిలో కారు దిగినపుడే అతడు మరల మనిషి యయ్యెను.

మనిషియగుట ఎంతటి భయంకర విషయమో క్రూగర్‌లోనే చేసిన ఒక పరిశోధన తెలుపుచున్నది. లియానా జానెట్ అను శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు, వానలు లేని కాలమున నీటిగుంటల ప్రక్క చెట్లకు కెమెరాలను, స్పీకర్లను కట్టి, దాహమునకు వచ్చిన జంతువులకు ఒకమారు సింహముల సద్దును, ఒకమారు వేటకుక్కల మొఱుగును తుపాకి మ్రోతను, ఒకమారు మనుష్యులు మామూలుగా మాటాడుకొను మాటలను వినిపించిరి. 2023లో ప్రకటించిన ఫలితమేమనగా, సింహము సద్దు కంటె మానవకంఠము వినినపుడు జంతువులు పరుగెత్తుట రెండింతలు అధికము, నీటిని విడిచిపోవుట 40 శాతము శీఘ్రము; పరీక్షించిన జాతులలో నూటికి 95 ఈ తీరుననే ప్రవర్తించెను. అఱచిన మాటలు కావవి, బెదరించిన మాటలు కావు, పిచ్చాపాటి. మన యాత్రికులు వన్యమృగములను చూడబోవునపుడు చిరుతిండి పొట్లముతోపాటు విధిగా వెంట గొనిపోవున దదియేగదా.

ఏనుగు ఇంకొక మెట్టు పైకి పోయినది. కెన్యాలోని అంబోసెలిలో, ఏనుగులను అప్పుడప్పుడు బల్లెములతో పొడుచు మసాయి పశుపాలకులు, వాటి జోలికి పెద్దగా పోని కంబా కృషీవలులు, ఇరుతెగలవారును కలరు. అదిగో ఏనుగుల మంద వచ్చుచున్నదను అర్థము గల వాక్యమునే ఇరువురిచేత వారి వారి భాషలలో పలికించి వినిపించగా, మసాయి పురుషుల గొంతుకకు ఏనుగులు గుమిగూడి వెనుకకు తగ్గెను. కంబావారి మాటకుగాని, మసాయి స్త్రీల మాటకుగాని అంత కలవరపడలేదు. ఇది 2014 నాటి మాట. ఇంట తెలుగు, వీధిలో తమిళము మాటాడు మా వంటివారిని వల్లనాటి జింక ఏ పద్దులో వ్రాసికొన్నదో!

బావ ఆఫ్రికాకై కొన్న ఖాకీ అంగీనే ఆనాడును తొడుగుకొని వచ్చెను. జింకకు దానితో పెద్దగా పని లేదు. మన కంటిలో రంగులను పట్టు కణములు మూడు విధములైనవి కాగా, గిట్టల జంతువులకు రెండే. మన యెఱుపు వానికి మందమైన మబ్బురంగు. కాని ఆ కంటిపాప నిలువుగాక, గుండ్రముగాక, అడ్డముగా పరచుకొన్న పలక వంటిది. 2015లో 214 జాతుల కండ్లను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, అడ్డపు పాపలు మేతజంతువులకే యెక్కువయని, దానిచే దిఙ్మండల మంతయు స్పష్టముగ గోచరించునని చెప్పుటయేగాక, మేక తల వంచి మేయునపుడు దాని గ్రుడ్డు కంటిగూటిలోనే తిరిగి పాప నేలకు సమముగా నిలుచునని గూడ గమనించిరి. ఇంటిలో మేకలున్నవారు గడ్డి వేసి, ప్రక్కన కూర్చుండి చూడవచ్చును. అట్టి కంటికి రంగు కాదు, కదలిక ముఖ్యము. చాచిన చేయి ముఖ్యము. ఖాకీవలన లాభము వేఱొకటి కలదు: ఆఫ్రికాలో నిద్రజాడ్యమును తెచ్చు సెట్సీ యీగలు నీలము, నలుపు రంగులకు మరులుకొనును, వానిని పట్టు వలలను ఆ గుడ్డలతోనే కుట్టుదురు.

ఆ నిట్టనిలువు గంతు మాత్రము నన్ను చాలకాలము విడువలేదు. ప్రాణముకొఱకు పాఱిపోవలసినది ముందుగ మీదికేల ఎగురవలెను? తూర్పు ఆఫ్రికాలో థామ్సన్ గజెల్ అను చిన్నజింకయు ఇట్లే యెగురును. అడవికుక్కలు తఱుముటకు ఎంచుకొనునవి తక్కువగా ఎగురునవి యని అక్కడ లెక్కించి తేల్చిరి. అనగా ఆ గంతు, "నిన్ను చూచితిని, నా పిక్కల బలమిది, వృథాగా శ్రమపడకుము" అని వేటగానికి పంపు శ్రీముఖము. గంటకు 80 కిలోమీటర్ల వేగము గల కృష్ణజింక ఆ శ్రీముఖమును పూర్వము చీతాలకు పంపెడిది. చీతా మన దేశమున నశించినదని 1952లో ప్రకటించిన పిమ్మటను అలవాటు మానలేదు. 2022లో నమీబియా నుండి కునోకు తెచ్చిన చీతాలు మధ్యప్రదేశములో నున్నవి. వల్లనాటిలో ఆ జాబు అందుకొన్నది అగ్గిపెట్టెల వర్తకుడు.

చూచుట నిరపాయమని అనుకొందుము. తుపాకి కాదుగదా, కెమెరాయేగదా యని. మారాలో ఆడుచీతాలను ఏండ్లకొలది గమనించి 2018లో ప్రకటించిన లెక్క ప్రకారము, యాత్రికుల రద్దీ తక్కువగానున్న చోట ఒక్కొక్క యీతకు సగటున 2.32 పిల్లలు పెరిగి పెద్దవి కాగా, రద్దీ మిక్కిలియున్న చోట 0.21 మాత్రమే. చీతా పగటి వేటగత్తె. చుట్టును జీపులు మూగినపుడు జింక బెదరును, వేట తప్పును, పట్టిన వేటను విడిచి లేచిపోవలసి వచ్చును. ఎవ్వరును దానిని తాకలేదు. ఊరక చూచిరి.

మఱునాడు తెల్లవాఱుజామున మరల పోతిమి. ఈమాఱు నిన్నటి కాపరియే ముందు నడచెను. ఆయన మా మాట తీరు విని, తాను గూడ తెలుగువాడనే యని తెలిపి, గాలి యెటునుండి వీచుచున్నదో చూచుటకు చిటికెడు మన్ను పైకి వదలి, అది మా ముఖముల మీదికే వచ్చి పడగా, "ఇట్లే పోవాల సామీ. సూటిగా పోకండి, పక్కవాటుగా పోండి, మాటాడకండి" అనెను. సీమకరువేలపు కంప అడ్డుపడినచోట చుట్టు తిరిగి పోవలసివచ్చెను; బయలును మ్రింగుచున్న ఆ పరదేశపు తుమ్మ ఎంత దట్టమైనచో జింకకు దూరపుచూపు అంత తగ్గును. బావ పెదవులు బిగించి, చేతులు వెనుక కట్టుకొని, కాపరి యడుగులలో అడుగు వేయుచుండెను. ఇఱ్ఱి మమ్ము చూచినది. చెవులు రెండును మావైపు త్రిప్పినది. కాపరి నిలిచెను, మేమును నిలిచితిమి. కొంతసేపటికి అది మరల తల వంచి, గడ్డి కొఱుకు చప్పుడు మాకు వినబడునంతగా మేయసాగెను. పిమ్మట పెద్దబాటపై ఒక బస్సు హారను మ్రోగగా లేళ్లు గంతులు వేయుచు గుట్టవైపు మరలినవి.

బావ అవి మేసిన చోటివరకు అడుగులు లెక్కించుచు పోయి, జేబులోని అగ్గిపెట్టె తీసి, దాని యట్టమీద 64 అని వ్రాసికొనెను.