కొసరి వడ్డించకండి!

పండుగ సంచికలో వంటల పేజీ ఎలాగూ ఉంటుంది. తిండి తగ్గించుకున్నవాడి గోడుకు కూడా ఒక పేజీ ఇమ్మని అడిగితే సంపాదకవర్గం వారు నవ్వి సరేనన్నారు. నేను డాక్టరును కాను, ఇంజనీరును. మూడేళ్ళ క్రితం సిడ్నీలో కడుపు చిన్నది చేసే ఆపరేషను చేయించుకున్నాను. అప్పుడు 112 కిలోలు, ఇప్పుడు 81. పారమట్టా రేవు నుండి నది వెంట పార్కు దాకా నడిచి వస్తుంటే ఎదురుపడిన మనవాళ్ళు గుర్తుపట్టక దాటిపోయిన సందర్భాలున్నాయి.

తెలిసినవాళ్ళు మొదట అడిగేది, "అదేనా, పాపం ఆర్తీ అగర్వాల్ చేయించుకున్నది?" అని. కాదండీ. 2015లో ఆమె చనిపోవడానికి కొన్ని వారాల ముందు చేయించుకున్నది లైపోసక్షన్ అని పత్రికలు వ్రాశాయి. అది చర్మం కింది కొవ్వు లాగేయడం. నాకు చేసినది స్లీవ్ గాస్ట్రెక్టమీ. జీర్ణాశయంలో దాదాపు ముప్పాతిక వంతు కోసి తీసేసి, అరటికాయంత గొట్టం మిగులుస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది తీసేసిన ఆ భాగంలోనే. అందుకే మొదటి ఏడాది ఆకలి అన్నమాటే మర్చిపోతాం.

ఇంత పని ఎందుకంటే, మా నాన్నగారు 52 ఏళ్ళకే గుండెపోటుతో పోయారు. నాకు 44 వచ్చేసరికి షుగరు మాత్రలు మూడు రకాలయ్యాయి. బరువుకు, ఎత్తుకు ఉన్న లెక్క బీఎంఐ నాకు 38 దాటింది. 1991లో అమెరికా ఆరోగ్య సంస్థ ఈ ఆపరేషనుకు 40, వేరే జబ్బులుంటే 35 అని గీత గీసింది. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు దాన్ని దించి, ఆసియావారికి 27.5 దగ్గరే ఈ మార్గం చూపవచ్చన్నాయి. మన ఒంటికి తక్కువ బరువులోనే షుగరు పట్టుకుంటుంది మరి.

ఆపరేషను ఒక పూట పని. అసలు కథ విస్తరి దగ్గర మొదలవుతుంది. మొదటి రెండు వారాలు ద్రవాలే. తర్వాత మెత్తగా రుబ్బినవి, ఆ తర్వాత మెత్తటివి. మామూలు భోజనానికి నెలన్నర పైన పట్టింది. అమ్మ ఫోనులో "చారు తాగరా, తేలిగ్గా ఉంటుంది" అనేది. తేలికే, కానీ అందులో ప్రోటీను ఏదీ? రోజుకు కనీసం 60 గ్రాములు కావాలని డైటీషియన్ గట్టిగా చెప్పింది. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములు. కప్పు అన్నంలో నాలుగే. నా కడుపులో పట్టేదే ఒక చిన్న కప్పు! ముందు అన్నం వెళ్ళి కూర్చుంటే పప్పుకు, గుడ్డుకు చోటుండదు.

కాబట్టి మా ఇంట్లో వడ్డన తిరగబడింది. ముందు చేపముక్కో, పనీరో, గట్టిపప్పో, తర్వాత కూర. చోటుంటే చివర రెండు ముద్దల అన్నం. తింటూ మంచినీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. పక్కన గ్లాసు లేకుండా ఆవకాయ ఎలా తింటామని మా ఆవిడ అడిగింది. తినడం లేదు, అంతే.

హారిస్ పార్కులో విందులకు పిలిస్తే వెళ్తాను. కానీ మెత్తటి అన్నం గబగబా మింగితే ముద్ద రొమ్ముకింద అడ్డం పడుతుంది. నొప్పి, నోటినిండా నీళ్ళు, వాంతి. "మా మీద ఒట్టు, ఒక్క ముద్ద" అన్న వదినగారికి అది తెలియదు. ఆమెది ప్రేమే. మాకు తెలిసిన ఒకావిడ ఆపరేషను సంగతి ఎవరికీ చెప్పలేదు. ప్రతి ఇంట్లో బలవంతం, ప్రతిసారీ స్నానాలగదికి పరుగు. చివరికి పేరంటాలకు, పండుగలకు రావడమే మానేసింది. నాకు ఆపరేషను కన్నా ఇదే ఎక్కువ బాధగా తోస్తుంది.

ఇంకో చిత్రం చూడండి. కోడిముక్క అడ్డం పడుతుంది గానీ జంతికలు, మైసూరుపాకు, పంచదార కాఫీ హాయిగా జారిపోతాయి. "భోజనం ఎలాగూ చేయరు, కనీసం ఇదైనా" అని చేతిలో పెట్టేవి సరిగ్గా అవే! రోజంతా ఇలా కొరుకుతూ పోతే రెండో ఏడు దాటాక బరువు నిమ్మళంగా తిరిగి వస్తుంది. నాకూ ఆకలి కొంత తిరిగొచ్చింది. ఇప్పుడే జాగ్రత్త ఎక్కువ కావాలి.

బి12, ఇనుము, కాల్షియం, డి విటమిను మాత్రలు జీవితాంతం తప్పవు, రక్తపరీక్షలూ తప్పవు. శాకాహారులకు బి12 ముందే తక్కువ గనుక మరీను. వాంతులు ఆగకపోతే మాత్రం ఇంట్లో జీలకర్ర నీళ్ళతో కాలక్షేపం చేయకండి. బి1 పడిపోయి నరాలకు, మెదడుకు దెబ్బ తగులుతుంది. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంటికి పిలిచినవారు నాకోసం ప్రత్యేకంగా ఏమీ చేయనక్కరలేదు. చిన్న పళ్ళెం ఇచ్చి, నన్ను మాటల్లో పెట్టి, పళ్ళెం వైపు చూడకుండా ఉంటే చాలు. ఈసారి ఉగాది భోజనాల్లో పిల్లల పళ్ళెం అడిగితే ఇస్తామని వంటల కమిటీవారు మాటిచ్చారు. టిక్కెట్టు మాత్రం పెద్దవాళ్ళదే కొనాలట.